బావ మేపిన ఆఖరి కోడెలు

బావ పోయిండన్న మాట నాకు తొట్టి కాడ తెలిసింది. అప్పుడప్పుడే తెల్లారుతున్నది. బార్లీ సంచి మూతి కోసి సగం పోసిన, సగం ఇంకా చేతుల్నే ఉన్నది. పశువుల డాక్టర్ బండి వచ్చి గేటు బయటనే ఆగింది. ఎప్పుడొచ్చినా లోపలిదాక తోలుకొచ్చే మనిషి, ఆ పొద్దు దిగి గేటు పట్టుకొని నిలవడ్డడు. సూడాన్ ఆయన, హిందీ అంతంత మాత్రమే. "హాస్పిటల్ సే ఫోన్ ఆయా" అన్నడు. నేను ఆయన మొఖం దిక్కు చూసిన. "తుమ్హారా బావా... ఖలాస్" అన్నడు.

నాకు ఏడుపు రాలే. కోడెలు ఒర్రుతున్నయి, చేతుల సంచి బరువున్నది. మిగిలిన సగం పోసిన. రెండో తొట్టిల పోసిన, మూడో తొట్టిల పోసిన. డాక్టర్ అక్కడ్నే నిలవడి చూసుకుంట ఉన్నడు. అన్నీ అయినంక ఇసుకల కూలవడ్డ. నా బావ సచ్చిపోయిండని తెలిసి నేను ముందు చేసిన పని కోడెలకు దాణా పెట్టుడు. మీకు వింతగ అనిపిస్తె అనిపియ్యనియ్యి. ఆయన బతికుండి ఆ జాగల ఉన్నా అదే చేయమనెటోడు.

మా బావంటే మా పెద్దక్క పెనిమిటి. జగిత్యాల దిక్కు ఊరు. ఎడ్లతోని పుట్టి పెరిగిన మనిషి. సంతకు పోయి ఎడ్లు కొనాలంటె చుట్టు ఊర్లోళ్లు ఆయనను వెంట తోల్కపోయెటోళ్లు. తర్వాత ఊరంతా ప్రాజెక్టు కింద మునిగింది. ఇల్లు, చెలక, కొట్టం అన్నీ నీళ్ల పాలైనయి. సర్కారోళ్లు కట్టిచ్చిన కాలనీల ఇల్లొచ్చింది గని, గోడకు గోడ ఆనుకొని ఉండే ఇండ్లు అవి. ఎద్దును కట్టేద్దామంటె గుంజ పాతే జాగ లేదు. తన జోడెడ్లను తానే సంతకు తోల్కపోయి అమ్మొచ్చి, ఆ ఏడే విమానమెక్కిండు. ఖతర్ అని ఆయన ఎన్నిసార్లు చెప్పినా మా అమ్మ మాత్రం 'మా అల్లుడు దుబాయ్‌ల ఎడ్లు కాస్తుండు' అనే చెప్పేది.

అల్ షహానియా దాటినంక, ఒంటెల మజ్రాల నడుమ ఉన్నది మాది. మజ్రా అంటే పెద్ద తోట కాదు, చుట్టు రేకుల దడి, లోపల పశువుల దొడ్లు, ఒక నీళ్ల ట్యాంకు, మా ఇద్దరికి ఒక రూము. అంతకుముందు అక్కడ ఒంటెలుండె. అర్బాబ్‌కు, అంటే మా యజమానికి, కోడెలను మేపి కోతకు అమ్ముదామని మనసైంది. ఓడల మీద బక్కచిక్కిన కోడెలు వస్తయి. వాటిని కట్టి నెలల తరబడి మేపాలె, కండ పట్టియ్యాలె, కాంటా మీద తూకం చూసి అమ్మాలె. రోజుకు కిలోకు అటు ఇటుగ పెరిగితె దాణా ఖర్చు పోను మిగులుతది. పెరగకుంటె తిన్న ప్రతి ముద్దా నష్టమే. ఇంత సక్కటి లెక్క ఇంకోటి లేదు, ఇంత కనికరం లేని లెక్క కూడ ఇంకోటి లేదు. లాభమున్నన్ని రోజులే మజ్రా ఉంటది, లేని రోజు గేటుకు తాళం పెడ్త అని అర్బాబ్ మొదటి రోజే చెప్పిండట. భూమ్మీద పశువును కట్టేసుకుందామంటె మా బావకు మిగిలిన జాగ అదొక్కటే. ఆ తాళం భయం ఆయనకు కడదాక పోలే.

మొదటి మందను ఆయన ఎట్ల మేపిండో చెప్తె ఇప్పటికీ ఒంటెలోళ్లు కడుపుబ్బ నవ్వుతరు. అప్పటికి నేను ఇంకా గ్యాస్ కంపెనీ పని మీద రాస్ లఫాన్‌ల క్యాంప్‌ల ఉండి డ్యూటీకి బస్సుల పోయెటోన్ని, నాకు ఆయనే చెప్పిండు. మన దిక్కు ఎద్దును కట్టేసి ఉంచితె కాళ్లు పట్టుకపోతయని అంటం కదా. పొద్దుగాల తోలాలె, నడిపియ్యాలె, గిట్టలు అరగాలె. బావ అట్లనే చేసిండు. తెల్లారకముందే కోడెలను జోడు జోడుగ బయటికి తీసి, ఒంటెల పరుగు బాట పక్కపొంటి కోసెడు దూరం నడిపిచ్చి తోల్కొచ్చేది. వచ్చినంక కడిగేది, తుడిచేది, కొమ్ములకు నూనె పెట్టేది. కోడెలు మెరిసిపోతున్నయి. నడక చూస్తె నాగలి కట్టాలనిపించేది. కాంటా మీద నిలబెడితె మాత్రం అంకె కదలలే.

దాణా మార్చిండు, బర్సీం గడ్డి పెంచిండు, పురుగుల మందు పోసిండు. అంకె అట్లనే ఉన్నది. అర్బాబ్ మొఖం మాడ్చుకున్నడు. ఆఖరికి డాక్టర్ ఒక పొద్దు తొందరగ వచ్చి, ఎదురుంగ జోడు జోడుగ నడుచుకుంట వస్తున్న కోడెలను చూసి బండి ఆపేసి, స్టీరింగ్ మీద తల పెట్టి నవ్విండట. పెట్టిన దాణా అంతా బాట మీద పోసి వస్తున్నవయ్యా, కోతకు మేపే పశువు నిలవడి తినాలె, పండుకొని నెమరెయ్యాలె, అంతే అని చెప్పిండు. బావకు నమ్మకం కుదరలే. నిలవడి తినుడు ఒక పశువుకు పనేనా అని డాక్టర్‌తోనే కొట్లాడిండు. అయినా పదిహేను రోజులు నడక బంద్ పెట్టి చూసిండు. కాంటా ఎక్కిస్తె అంకె ఎక్కడికో పోయింది. ఆ రోజు డాక్టర్ కాళ్లు మొక్కినంత పని చేసిండు, డాక్టర్ పరేషాన్ అయి వెనుకకు జరిగిండు.

ఆ తప్పును బావ ఎన్నడు దాసుకోలే. కొత్తగ ఎవలొచ్చినా కూసోపెట్టి, తానెట్ల కోతకోడెలకు మార్నింగ్ వాక్ నేర్పిండో తానే చెప్పి నవ్విచ్చేది. ఆ తర్వాత ఏ మందా ఆయన చేతుల తక్కువ పెరగలే.

నా గ్యాస్ కంపెనీ కాంట్రాక్టు అయిపోయినంక, అర్బాబ్‌ను బతిమిలాడి నన్ను మజ్రాకు తెచ్చుకున్నడు. వచ్చిన రోజు నుంచే సురువు. "గన్నేండ్లు గ్యాస్ కంపెనీల చేసినవు, మీ అక్కకు ఒక్క సిలిండరన్న తెచ్చినవారా" అనెటోడు. నేను దాణా కలిపితె అందుల చెయ్యి పెట్టి, మీ ఇంట్ల పప్పు కూడ గిట్లనే కలుపుతరు, అందుకే మీ అక్కకు వంట రాలేదు అనేది. నేనేమన్న తక్కువ తిన్ననా? నీకు నాగలి లేక ఒంటెలను కూడ జోడు కడుతున్నవు బావా అనెటోన్ని. కోడెలనైతె నిజంగనే కట్టేది. మనసులనే. ఓడ దిగిన కొత్త మందను దొడ్లెకు తోలినంక, బోర్లేసిన బకెట్ మీద కూసుండి, ఇది దాపటికి బాగుంటది, అది వలపటికి బాగుంటది అని నాగలికి ఎడమెద్దు, కుడెద్దు ఏరుకున్నట్టు జతలు కట్టెటోడు. జత కుదిరిన రెంటినీ ఒక్క దొడ్లెనే ఉంచేది. నాలుగు నెలలకు కోతకు పోయేటివాటికి ఈ జోడు ఎందుకు బావా అంటె, పక్కన తనకు నచ్చింది ఉంటె పొడుసుకోదు, నిమ్మలంగ తింటది అనెటోడు. అది నిజమే అని డాక్టర్ కూడ అన్నడు.

ఆయన బకెట్ మీద కూసున్నడంటె నెమరు చూస్తున్నడని లెక్క. తొట్టి ఖాళీ అయిందని నేను సంబురపడితె, "తిన్నది కాదురా బామ్మర్దీ, నెమరేసింది చూడు" అనెటోడు. ఎన్ని పండుకున్నయి, ఎన్ని దవడలు ఆడిస్తున్నయి, ఏది ఊరికె నిలవడి గాలి చూస్తున్నది, అన్నీ చూసి అప్పుడు చాయ తాగేది. ఆ చాయ ఎప్పుడో సల్లారేది. సల్లారిన చాయనే తాగి, వేడి చాయ ఇయ్యరాదురా అని నన్ను తిట్టేది.

ఇవి కోతకు పోతయన్న సంగతి ఊళ్లె దాచి పెట్టమని మా అమ్మ మస్తు మొత్తుకున్నది. డెయిరీల పని అని చెప్పుమన్నది. బావ అట్ల చెప్పలే. లీవు మీద పోయినప్పుడు కాలనీల కూసుండి అడిగినోళ్లందరికీ, అవు, కోతకే మేపుతున్న అని చెప్పిండు. ఒకాయన లేచి పోయిండట. మా అక్కను ఆడోళ్లు సూటిపోటి మాటలన్నరు. ఆమె ఫోన్ల ఏడిస్తె బావ ఒక్కటే అన్నడు. "నా ఎడ్లను సంతల అమ్మిన్నాడు అవి యాడికి పోతయో ఎవ్వలన్న అడిగిన్రా? ఇక్కడ కనీసం నాకు ఎరుకే." అక్క తర్వాత ఆ మాట ఎత్తలే. బావ మాత్రం ఆ మాంసం ముట్టలే. అర్బాబ్ పండుగకు పంపిస్తె పక్క మజ్రాల నిజామాబాద్ భాయికి ఇచ్చొచ్చెటోడు.

ఈ ఎండాకాలం మా మీదికి ఎట్ల వచ్చిందో ఏం చెప్పాలె. చలికాలంల దిగాల్సిన ఓడ ఆలస్యమై, ఎండలు ముదిరేటప్పుడు దిగింది. దిగిన కోడెలు ఎముకల గూళ్లు. దాణా ధర పెరిగింది. విమానాల మీద చల్లబెట్టిన మాంసం మా కన్న తక్కువకు వస్తున్నదని అర్బాబ్ కొడుకులు ఆయన చెవుల పోరు పెట్టిన్రు. ఈ ఒక్క మంద చూస్త, దీనికి తూకం రాకుంటె ఖలాస్ అని అర్బాబ్ అన్నడు. ఆయన చెడ్డోడు కాదు. పట్నం కాడి ముఐథర్ నుంచి ప్రతి శుక్రవారం వచ్చి మాతోని చాయ తాగి పోయెటోడు. కని ఈ మాట అన్న రోజు చాయ ముట్టలే.

ఎండకు కోడె తినది. తిన్నది కడుపుల మగ్గి వేడి పుట్టిస్తది, బయట వేడి, లోపల వేడి, ఓర్వలేక తినుడు బంద్ పెడుతదని డాక్టర్ చెప్పిండు. కొన్ని రోజులు వడగాలి, కొన్ని రోజులు సముద్రం దిక్కుకెల్లి ఊపిరాడని తడి గాలి. కోడెలు నాలుకలు బయటపెట్టి రొప్పుతున్నయి. కాంటా ఎక్కిస్తె పెరుగుడు పక్కకు పోనియ్యి, కొన్ని తగ్గినయి. బావ కాంటా కాడ ఎప్పుడూ ఏదో ఒకటి అని నవ్విచ్చెటోడు, ఆ రోజు అంకె కూడ చూడకుండ ఒక్కో కోడెను దించుకుంట పోయిండు. అర్బాబ్ ఇప్పుడే అమ్మేద్దాం, వచ్చిన కాడికి వస్తది అన్నడు. బావ ఆయన చెయ్యి పట్టుకున్నడు. గాలి ఒక్కసారి మారనియ్యి, సల్లగాలి తిరిగితె ఇవి తింటయి, తింటె పెరుగుతయి, నా మాట విను అని హిందీల, తెలుగుల, వచ్చిన నాలుగు అరబ్బీ మాటల్ల అడుక్కున్నడు. మా బావ ఒకల ముందు అట్ల చెయ్యి పట్టుకునుడు నేనెన్నడు చూడలే. సరే, గాలి మారేదాక అన్నడు అర్బాబ్.

ఆ రోజు నుంచి బావ మనిషి మనిషిగ లేడు. పగటి దాణా బంద్ పెట్టి, పొద్దు గూకినంక ఒకసారి, తెల్లారకముందు ఒకసారి పెట్టినం. ట్యాంకుల నీళ్లు పగలంత సలసల కాగేటియి, కోడె మూతి పెట్టి వెనుకకు తీసేది. డ్రమ్ములు తెచ్చి, గోనె సంచులు తడిపి చుట్టి, నీడకు పెట్టి, ఆ సల్లటి నీళ్లను బకెట్లతోని మోసి తాగిచ్చినం. దొడ్ల మీద ఆకుపచ్చ జాలి గుడ్డ కట్టినం. గాలి దుమారం వస్తె అది చినిగేది, మళ్ల కుట్టి కట్టేది. తినని కోడెకు గడ్డి పిరికెడు పిరికెడు నోటికి అందిచ్చెటోడు. తాను మాత్రం రొట్టె సగం తిని పక్కకు పెట్టేది. బావా, నువ్వు తినకుంటె పడిపోతవు అంటె, నన్ను కాంటా ఎక్కిచ్చేది లేదు కదరా అనెటోడు. నేను నవ్వలే. నాకు ఆయన మీద కోపం కూడ వచ్చేది. ఎంత చేసినా ఎండ మన చేతుల లేదు కదా, ఎందుకింత గుంజుకుంటున్నవు అని అరిచిన ఒకనాడు. ఆయన వినిపించుకోలే.

ఒక పగటి పూట పెద్ద దుమారం లేచి జాలి గుడ్డ ఒక దిక్కు మొత్తం పీక్కపోయింది. కోడెలు నిలువెండల పడ్డయి. నేను నిచ్చెన తెచ్చేలోపు ఆయన ఇనుప పైపు పట్టుకొని ఎక్కిండు. పైపు కాలుతున్నది, చేతులకు గుడ్డ చుట్టుకున్నడు. గుడ్డ కట్టిండు, మెల్లగ దిగిండు, గోడకు ఆనుకొని కూసున్నడు. బామ్మర్దీ, కండ్లు తిరుగుతున్నయిరా అన్నడు. ఒళ్లు ముట్టుకుంటె నిప్పు, చెమట చుక్క లేదు. ట్యాంకు నల్ల తిప్పితె కాగిన నీళ్లు. ఉరికిపోయి గోనె సంచుల డ్రమ్ముల కెల్లి సల్లటి నీళ్లు తెచ్చి తల మీద పోసిన. ఆ నీళ్ల సలువ తగలంగనే కండ్లు తెరిచి నన్ను కోపంగ చూసిండు.

"కోడెలకు పెట్టినయిరా అవి" అన్నడు.

నిజామాబాద్ భాయి పికప్ తెచ్చిండు. ఇద్దరం ఎత్తి పండవెట్టినం. అర్బాబ్ సీదా హాస్పిటల్‌కు వచ్చిండు, ఆయన కూడ బయట బల్ల మీద నాతోని కూసున్నడు. సాయంత్రం ఒక్కసారి లోపలికి పోనిచ్చిన్రు. పైపులు, తీగెలు. నన్ను గుర్తు పట్టిండు. తిన్నయా అని అడిగిండు. పొద్దటి దాణా తొట్లల్ల అట్లనే ఉన్నది. కొద్దిగ తిన్నయి బావా అన్న.

"గాలి మారుతదిరా" అన్నడు. ఊపిరి తీసుకున్నడు. "అప్పటిదాక అమ్మనియ్యకు."

ఇగ నన్ను బయటికి పంపిన్రు. కోడెల కాడ ఎవ్వలు లేరని నేను మజ్రాకు వచ్చిన. మళ్ల పోయి చూసేటందుకు నాకు ఆయన దొరకలే. రెండో తెల్లారి అర్బాబ్ పంపితె డాక్టర్ గేటు కాడికి వచ్చిండు.

కాగితాల పని అంతా నిజామాబాద్ భాయి, అర్బాబ్ మనుషులు చూసుకున్నరు. పెట్టె ఏ విమానంల పోతదో తెలిసిన రోజు అర్బాబ్ నా దగ్గరికి వచ్చిండు. నీకు కూడ టికెట్ తీస్త, పో, ఆయనను ఇంటికి చేర్చు అన్నడు. కండ్లల్ల నీళ్లున్నయి ఆయనకు. నేను పోతె కోడెల కథేంది అని అడిగిన. తల దించుకున్నడు. ఎవలు మేపుతరు, నువ్వు విమానమెక్కిన రోజే అమ్మేస్త, గేటు మూసేస్త అన్నడు. అది బెదిరింపు గాదు. ఉన్న మాట అన్నడు, అంతే. పోతె బావ దేనికోసం పాణం పెట్టిండో అది పోతది. ఉంటె బావ ఒక్కడే చెక్కపెట్టెల సామాన్ల లెక్క పోతడు. నా బుర్ర పని చేయలే. దొడ్ల చుట్టు తిరిగిన, తిరిగిన, ఆఖరికి అక్కకు ఫోన్ చేసిన.

ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు పోయింది. అంతా చెప్పిన. అర్బాబ్ అన్న మాట, బావ అన్న మాట, రెండూ చెప్పిన.

"నువ్వు రాకు తమ్మీ" అన్నది.

"బావను ఎవలు మోస్తరే అక్కా?"

"మోసెటోళ్లు ఊరునిండ ఉన్నరు. ఆ కోడెల కాడ ఎవలున్నరు?" అన్నది. తర్వాత ఇంకో మాట అన్నది, అది నాకు బతికున్నన్ని రోజులు చెవుల ఉంటది. "ఒక కొట్టం మునుగుతుంటె ఆయన పక్కన నిలవడి చూసిన. ఇంకోటి నన్ను చూడమనకు."

బావను కాటికి తీసుకపోయిన రోజు నేను దొడ్లె ఉన్న. మా చిన్నక్క కొడుకు, నా మేనల్లుడు, ఫోన్ పట్టుకొని వీడియోల చూపిచ్చిండు. పగటి పూట, ఎండ మండుతున్నది, తెర సరిగ కనవడుత లేదు, బనీను విప్పి ఫోన్ మీద కప్పి అండ్ల తల పెట్టి చూసిన. డప్పు చప్పుడు వినవడుతున్నది. కాలనీ బాట, జనం కాళ్లు, ఎవలదో భుజం. బావకు కొడుకులు లేరు, పెద్ద బిడ్డ కొరివి పెట్టింది. నా పక్కన ఒక కోడె రొప్పుకుంట నిలవడ్డది, అది మూలిగినప్పుడల్లా డప్పు వినవడుత లేదు. ఒక చేతిల ఫోను, ఒక చేతిల నీళ్ల బకెట్. మంట లేచినప్పుడు అల్లుడు ఫోన్ దించిండు, నాకు మట్టి ఒక్కటే కనవడ్డది. ఎత్తురా, ఎత్తి చూపియ్యిరా అని మొత్తుకున్న. వానికి వినవడలే. అప్పుడు ఏడ్చిన. దేవుడనేటోడు ఉంటె వానికి నా ఉసురు తగలాలె అని ఏడ్చిన.

అక్కడ బావకు దినాలు ఇంకా కాలే, ఇక్కడ గాలి మారింది. ఒక తెల్లారి లేచి బయటికి వస్తె ఒంటి మీద ఏదో సలువగ తగిలింది. ఎన్నో నెలలైంది అట్ల తగలక. కోడెలు ముక్కులు పైకెత్తి నిలవడ్డయి. దాణా పోసిన. తిన్నయి. మధ్యల ఆపకుండ, ఒకదాని మీద ఒకటి పడి తిన్నయి. తొట్టి అడుగు నాకినయి. ఇంకా పోస్తె అది కూడ తిన్నయి. ఎండెక్కినంక పండుకొని దవడలు ఆడిచ్చుకుంట నెమరేసినయి, అన్నీ, ఒక్కటి మిగలకుండ.

సంతోషపడాల్సింది కదా. నాకు కడుపుల మండింది. మొన్న తినకపోతిరి కదా, ఆయన పిరికెడు పిరికెడు నోట్లె పెడితె మొఖం తిప్పుకుంటిరి కదా, ఇయ్యాల ఎట్ల ముద్ద దిగుతున్నది మీకు అని వాటిని బూతులు తిట్టిన. ఒకదాన్ని తట్టతోని కొట్టిన కూడ. అది నా దిక్కు చూసి మళ్ల తొట్టిల తల పెట్టింది. కొన్ని రోజుల ముందు తగ్గని ఎండ మీద నాకున్న కోపం, ఇంకొన్ని రోజులు ఆగని బావ మీద నాకున్న కోపం, అన్నీ ఆ నోరులేని జీవాల మీద పోసిన. పోసి, మళ్ల దాణా కలపటానికి పోయిన.

కాంటా రోజు డాక్టర్ వచ్చిండు, అర్బాబ్ కూడ తన కొడుకును వెంటబెట్టుకొని వచ్చిండు. కోడెలను ఒక్కొక్కటే ఎక్కిచ్చినం. డాక్టర్ ఒక్కో అంకె చదువుతుంటె అర్బాబ్ నోట్లె ఏదో దువా చదువుకుంటున్నడు. పోయిన అంకె మీద ఎంత పెరిగిందో చూసి, కాంటా ఖరాబైందేమో అని కొడుకు తాను ఎక్కి చూసుకున్నడు. కాంటా మంచిగనే ఉన్నది. ఇన్నేండ్లల్ల ఏ మందా అంత జోరుగ ఎక్కలే. ఎండకు ఎండి నిలిచిన పశువు, సల్లగాలికి తింటె అట్లనే ఎక్కుతది, మీ బావ చెప్పింది కరెక్టే అన్నడు డాక్టర్. అర్బాబ్ నా తల మీద చెయ్యి పెట్టిండు. మజ్రా ఉంటది అన్నడు. ఇంకో ఓడకు చెప్తున్న, మీ ఊరికెల్లి పశువు తెలిసిన మనిషిని ఒకల్ని పిలిపిచ్చుకో అన్నడు. అట్లాంటి మనిషి మా ఊళ్లె ఇప్పుడు ఎవలున్నరు, ఎడ్లే లేని ఊళ్లె?

కొనేటోడు బేరం ఖాయం చేసిన రోజు సాయంత్రం అక్కకు ఫోన్ చేసిన. మజ్రా ఉంటదట అక్కా, తూకం వచ్చింది అని చెప్పిన. ఊ అన్నది. వాటిని నాకు చూపియ్యి అన్నది. ఇన్నేండ్లల్ల ఆమె ఒక్క కోడెను కూడ చూడలే. బావ ఫోన్ చేస్తె తన మొఖమే చూపిచ్చెటోడు, వెనుక రేకుల దడి కనవడేది. నేను ఫోన్ తిప్పిన. ఒక్కో దొడ్డి కాడ నిలవడి మెల్లగ చూపిచ్చిన. దగ్గరికి పెట్టు అంటె దగ్గరికి పెట్టిన. ఎర్రటి కోడె ఒకటి మెడ చాపి, నా చేతి చెమట ఉప్పుకు కావచ్చు, ఫోన్‌ను ఒక్కసారి నాకింది. అటు తెర మీద నాలుకే కనవడి ఉంటది. అక్క నవ్విందో ఏడ్చిందో నాకు అర్థం కాలే.

"మంచిగ మేపిండు" అన్నది. "ఎప్పుడు తోల్కపోతరు వీటిని?"

రేపు పొద్దుగాల అన్న.

"అయితె ఇయ్యాల కడుపునిండ పెట్టు తమ్మీ. ఆయన లేడని తక్కువ పెట్టకు" అన్నది.

పెడ్త అక్కా అన్న. ఫోన్ పెట్టేసిన. మీకు తెల్వది కావచ్చు, కోతకు పోయే ముందటి పూట పశువుకు దాణా పెట్టరు. కడుపుల మేత ఉంటె తూకం తప్పుతదని కొనేటోడు ఒప్పుకోడు, కోత కాడ కూడ ఖాళీ కడుపే కావాలె. మేపుడు పనిల ఇది అందరికీ తెలిసిన కాయిదా. బావ కూడ ఎన్నడు తప్పలే. పగటి సంది తొట్లు కడిగి బోడగ పెట్టి ఉన్నయి. నీళ్లు మాత్రం పెట్టొచ్చు. పెట్టిన. తాగినయి. తాగి, మళ్ల వచ్చి తొట్ల ముందట వరుసగ నిలవడి నా చేతుల దిక్కు చూసినయి. చేతులల్ల ఏం లేదు. పొద్దు గూకేదాక నేను ఆడ్నే ఉన్న. అవి ఒక్కొక్కటే తలలు దించి, కడిగిన ఖాళీ సిమెంటు తొట్లను నాకుకుంట ఉన్నయి.